మరల సముద్రమునకు
దివిసీమ తీరమున వన్యప్రాణి రక్షణ చరిత్ర

దెబ్బతిన్న ప్రాణిని చేరదీసి, నీరు పోసి, కట్టుకట్టి బ్రతికించుట మన దేశములో ప్రాచీనమైన ధర్మము. బ్రతికిన ఆ ప్రాణిని మరల దాని అడవికో, చెరువునకో, సముద్రమునకో అప్పగించి మనము వెనుకకు మరలుట మాత్రము ఇటీవల నేర్చుకొన్న ధర్మము. మొదటిదానికి దయ చాలును. రెండవదానికి దయతోపాటు శాస్త్రజ్ఞానము కావలెను, చట్టము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఆ ప్రాణి తిరిగి పోవుటకు ఒక చోటు మిగిలియుండవలెను. ఈ మూడింటి చరిత్రను బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల ననుసరించి ఒకసారి పరిశీలింతము.

ఈ గడ్డమీద జీవకారుణ్యము కొత్తగా వచ్చిన మాట కాదు. గుడివాడలోను, పూర్వపు దివి తాలూకాలోని ఘంటసాలలోను బౌద్ధస్తూపము లుండెడివి. అలెగ్జాండర్ రే అను పురాతత్త్వశాఖాధికారి వీటిని పరిశీలించి, భట్టిప్రోలు స్తూపముతో కలిపి 1894లో గ్రంథముగా వెలువరించినాడు. అంతకు పూర్వమే, క్రీస్తునకు ముందు మూడవ శతాబ్దిలో, అశోక చక్రవర్తి శాసనములు మన దేశమునకు చేరినవి. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్ళమీద ఆయన పదునాలుగు శిలాశాసనములును నేటికి ఉన్నవి. వానిలో రెండవది చికిత్సను గూర్చినది. తన రాజ్యమందును, చోళ పాండ్యాది పొరుగు దేశములందును మనుష్యులకొకటి, పశువులకొకటి అని రెండు విధములైన చికిత్సల నేర్పరచినట్లును, మందుమొక్కలు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించినట్లును, బాటలవెంట బావులు త్రవ్వించినట్లును అశోకుడు అందులో చెప్పినాడు.

ఇంతవరకు చాలమందికి తెలిసినదే. కాని అదే చక్రవర్తి, పట్టాభిషేకమైన ఇరువదియారు సంవత్సరములకు ఉత్తరదేశపు స్తంభములమీద చెక్కించిన అయిదవ శాసనములో మరియొక అడుగు ముందుకు వేసినాడు. చంపరాని ప్రాణుల పట్టిక నొకదానిని ఇచ్చి, అందులో చిలుకలతోను గోరువంకలతోను పాటు తాబేలును గూడ చేర్చినాడు. ఆ పట్టిక తరువాత, నిష్కారణముగా గాని జీవహింసకొరకు గాని అడవులను తగులబెట్టరాదని ఆజ్ఞాపించినాడు. ప్రాణికి చికిత్స చేసినంతమాత్రమున చాలదు, దాని నివాసమును గూడ కాపాడవలెనను భావము రెండువేల రెండువందల యేండ్లనాడే ఒక పరిపాలకునకు తట్టినది. దానిని మనము చాలకాలము మరచిపోయినాము.

మరచిపోయిన కాలములో దయ లేకపోలేదు. పశ్చిమదేశపు పట్టణములలో జైనులు పింజ్రాపోళ్ళను నడపినారు. ముసలి ఎడ్లకు, కుంటి ఆవులకు ప్రాణమున్నంతవరకు మేత వేసినారు. పెంపుడు పశువునకు అది తగిన ఆశ్రయమే. కాని అడవి జంతువునకు జీవితాంతపు దొడ్డి చికిత్స కాదు, మరియొక విధమైన చెర. ఢిల్లీలో ఎఱ్ఱకోట ఎదుటనున్న జైన పక్షివైద్యశాల ఈ భేదమును గుర్తించినది. అచ్చట చికిత్స పొంది తేరుకొన్న పక్షులను ఆకాశమునకు విడిచిపెట్టుట ఆచారము.

ఇక చట్టముల సంగతి. ఇంగ్లీషువారి కాలమున 1887లోను, 1912లోను వచ్చిన చట్టములు కొన్ని పక్షులను, మృగములను కొన్ని నెలలపాటు వేటాడరాదని చెప్పినవి. ఈ విరామమంతయు తిరిగి వేటకొరకే. స్వాతంత్ర్యానంతరము శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. పెంపుడు జంతువులకును, బంధింపబడిన జంతువులకును అది అండయైనది. స్వేచ్ఛగా తిరుగు ప్రాణికి పూర్తి రక్షణ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఏర్పడినది.

ఈ చట్టములో గృహస్థులు తెలుసుకొనవలసిన మాట యొకటి ఉన్నది. వన్యప్రాణి దొరికినవాని సొత్తు కాదు, ప్రభుత్వమునకు చెందినది. అట్టి ప్రాణి ఎవరి స్వాధీనములోనికైన వచ్చినచో నలుబదియెనిమిది గంటలలోపల సమీపపు పోలీసు ఠాణాకు గాని, అధికారము గల అటవీ ఉద్యోగికి గాని తెలియజేసి, అడిగినప్పుడు అప్పగింపవలెను. జాలితో తెచ్చి పంజరములో పెంచుకొనుటకు సయితము ఇందులో తావు లేదు. ఇది కఠినముగా తోచవచ్చును. కాని మనుష్యునకు మచ్చికయైన అడవిప్రాణి తిరిగి అడవిలో బ్రతుకుట కష్టమను అనుభవము ఈ నియమమునకు బలమిచ్చుచున్నది.

ఇప్పుడు మన సముద్రతీరమునకు వత్తము. పులిగడ్డ దిగువన కృష్ణ పాయలుగా చీలి దివిసీమను చుట్టి సముద్రములో కలియుచున్నది. హంసలదీవి, పాలకాయతిప్ప, నాగాయలంక దిగువనున్న లంకలు, వానిచుట్టు మడ అడవులు ఈ సీమ సొత్తు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వేలకొలది జనము, లెక్కకు మిక్కిలియైన పశువులు నశించిన సంగతి ఈ సీమలో ఏ యింటికిని మరపురానిది. మడ అడవి అడ్డముగా ఉన్నచోట నీటి ఉధృతి కొంత తగ్గినదని పెద్దలు చెప్పుచుందురు. 1989లో ప్రభుత్వము ఈ మడ అడవులను, తీరమును కలిపి సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా అభయారణ్యముగా ప్రకటించినది.

ఈ తీరమునకు శీతకాలము చివర ఒక అతిథి వచ్చును. అది ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేలు. పెరిగిన తాబేలు నలుబది కిలోల వరకు తూగును. ఆడతాబేలు రాత్రివేళ ఒడ్డునకు ప్రాకి, అలలు అందని ఇసుకలో వెనుక కాళ్ళతో కుండవంటి గుంతను త్రవ్వి, నూరు వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, తన బరువుతో నేలను అదిమి, మరల వెనుదిరిగి చూడక సముద్రమునకు పోవును. గ్రుడ్లను పొదుగు పని ఇసుక వేడిమిది. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇసుక వేడి యెక్కువైన ఆడపిల్లలు, తక్కువైన మగపిల్లలు ఎక్కువగా పుట్టుట ఈ జాతిలోని వింత.

వెనుకటి రోజులలో ఈ గ్రుడ్లు తీరమున తినుబండారముగా ఉండెడివి. ఒరిస్సా తీరమున పట్టిన తాబేళ్ళను రైళ్ళకెత్తి కలకత్తా అంగళ్ళకు పంపెడివారు. 1974లో గహిర్మాథ తీరమున తాబేళ్ళు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టు దృశ్యమును డాక్టరు బస్టర్డ్ శాస్త్రలోకమునకు వెల్లడించిన పిదప ఈ వ్యాపారమునకు ఎదురుగా ప్రయత్నము బలపడినది. ఆ దశాబ్దపు తొలిరోజులలోనే మద్రాసులో రోములస్ విటేకరు, ఆయన మిత్రులు రాత్రులు తీరమువెంట నడచి గ్రుడ్లను సేకరించి, కంచెలోపల పాతి, పిల్లలను సముద్రమునకు విడుచుట మొదలుపెట్టినారు. 1988 నుండి అక్కడి విద్యార్థులే ఒక సంఘముగా ఏర్పడి ఆ నడకను కొనసాగించుచున్నారు. మన వైపున విశాఖపట్టణములోను, తరువాత కృష్ణా అభయారణ్యపు తీరములోను ఇట్టి గ్రుడ్ల సంరక్షణ కేంద్రములు వెలసినవి. పాలకాయతిప్ప మొదలగు తావులలో అటవీశాఖవారు స్థానికుల తోడ్పాటుతో ఈ పని చేయుచున్నారు.

పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. తెల్లవారకముందే ఇసుకమీది జాడను పట్టుకొని గూటిని కనుగొనవలెను. నక్కలు, కుక్కలు, పందులు అదే జాడను పట్టుకొని వచ్చుచుండును. గ్రుడ్లు పెట్టిన కొలది గంటలలోనే వానిని తరలింపవలెను. ఆలస్యమైనచో లోపలి పిండము పెంకున కంటుకొనును. అప్పుడు కదలిక తగిలిన అది చనిపోవును. గ్రుడ్డును దొర్లింపరాదు. సహజమైన గూడు ఎంత లోతో, ఏ యాకారమో అట్టి గుంతనే కంచెలో త్రవ్వి పాతి, తేదీ వ్రాసి ఉంచవలెను. పిల్లలు బయటపడిన తరువాత బుట్టలో తెచ్చి నీటిలో కుమ్మరింపరాదు. కొన్ని గజముల ఎడముగా ఇసుకమీద విడిచి, తమంత తాముగా అలను చేరనీయవలెను. తాను పుట్టిన తీరపు గుర్తు ఆ తొలి ఘడియలలోనే పిల్లకు పడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. పెరిగి పెద్దదైన ఆడతాబేలు గ్రుడ్లు పెట్టుటకు తన పుట్టినచోటి వైపే మరలివచ్చును గనుక ఆ నడకను మనము హరింపరాదు.

అయినను తాబేళ్ళకు ఇదంతయు సగము రక్షణయే. వేయి పిల్లలలో పెరిగి పెద్దదగునది ఒకటో రెండో అని చెప్పుదురు. కాబట్టి గ్రుడ్లు పెట్టు వయసునకు వచ్చిన ఒక్క తల్లితాబేలు మరణము వందలకొలది పిల్లల మరణముతో సమానము. ఆ తల్లులు చనిపోవుచున్నది ట్రాలు వలలలో. తాబేలు నీటిలో బ్రతుకు ప్రాణియే గాని మనవలె గాలి పీల్చునది. మరబోటు గంటలకొలది ఈడ్చుకొనిపోవు వలలో చిక్కినచో పైకి రాలేక ఊపిరాడక మునిగిపోవును. ప్రతి యేడును గ్రుడ్లు పెట్టు కాలములో తీరమున తేలి వచ్చు తాబేళ్ళ కళేబరములు ఈ కథనే చెప్పుచున్నవి.

వలలో వచ్చిన తాబేలు కదలకున్నను చనిపోయినదని వెంటనే నీటిలో విసరివేయరాదు. ఇది నావికులు నేర్వవలసిన ప్రథమచికిత్స. స్పృహలేని తాబేలును బోర్లా, అనగా కడుపుపెంకు క్రిందుగా పడుకొనబెట్టి, వెనుక భాగమును ఆరంగుళముల యెత్తునకు లేపి ఉంచవలెను. ఊపిరితిత్తులలోని నీరు దిగిపోవుటకు ఇది సాయపడును. ఎండ తగులకుండ నీడ చేసి, పెంకుమీద తడిగుడ్డ కప్పవలెను. నాలుగు గంటలు మొదలు ఒక దినమువరకు వేచి చూచిన, చాల తాబేళ్ళు తేరుకొనును. తేరుకొన్నదానిని ఇంజను ఆపి, వల లేని వైపున, మెల్లగా నీటిలోనికి జారవిడువవలెను. మందు లేదు, వైద్యుడు లేడు, కావలసినది ఓపిక మాత్రమే.

ఇంతకంటె మేలైన మార్గము తాబేలు వలలో చిక్కకుండ చేయుట. వల మెడభాగమున ఇనుపకమ్ముల చట్రము నొకదానిని బిగించినచో రొయ్య, చేప కమ్ములసందున లోనికి పోవును. తాబేలు కమ్ములకు తగిలి పైనున్న తలుపువంటి ద్వారమునుండి బయటపడును. మన కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక పరిశోధనా సంస్థ మన బోట్లకు తగినట్లు ఇట్టి చట్రమును రూపొందించినది. అమెరికావారు 1996లో, ఇట్టి సాధనము లేని దేశముల సముద్రపు రొయ్యలను కొనమన్నారు. భారతదేశము మరి మూడు దేశములతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసినది. తాబేళ్ళ రక్షణకై ఆంక్ష విధించుట తప్పు కాదు గాని, దేశములయెడ పక్షపాతముతో అమలుపరచుట తప్పని 1998లో తీర్పు వచ్చినది. ఒక్క మూగజీవికొరకు దేశములు న్యాయపీఠ మెక్కుట చరిత్రలో అరుదైన సంఘటన. కాని చట్రము తగిలించిన వలలోనుండి కొంత చేప పోవునని బెస్తలు భయపడుచున్నారు. ఆ నష్టము పేదవానిమీద పడరాదు. తాబేలు అందరిదియైనప్పుడు దానిని కాపాడు ఖర్చును అందరిదియే కావలెను.

మడ అడవిలో మరియొక ప్రాణి ఉన్నది. అది బావురుపిల్లి, నీటిలో దూకి చేపను పట్టు అడవిపిల్లి. 2010 తరువాత కృష్ణా అభయారణ్యములో అమర్చిన కెమేరాలు దీని ఉనికిని నిరూపించినవి. ఇట్టి అడవిపిల్లుల కూనలు ఒంటరిగా కనిపించినప్పుడు తల్లి విడిచిపోయినదని తలచి ఇంటికి తెచ్చి పాలు పట్టుట మంచిదనిపించును. తరచుగా తల్లి ఆహారమునకై పోయి చీకటి పడిన తరువాత తిరిగివచ్చును. మహారాష్ట్రములోని జున్నరు ప్రాంతమున చెరకుతోటలలో దొరకిన చిరుతకూనలను అటవీశాఖవారు పరీక్షించి, దొరకిన చోటనే భద్రముగా ఉంచగా, రాత్రివేళ తల్లులు వచ్చి కొనిపోయిన సందర్భములు అనేకములు. కొన్నిసార్లు చేయి చాపకుండుటయే సేవ.

చికిత్స ఉండి చోటు లేనిచో ఏమగునో తెలుపుటకు కొల్లేటి చరిత్ర చాలును. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు వేలకొలదిగా తాటిచెట్లమీద గూళ్ళు కట్టెడివి. కె. కె. నీలకంఠన్ గారు 1946లో ఈ గూళ్ళను కనుగొని శాస్త్రలోకమునకు తెలిపినారు. తరువాత ఆయన మలయాళమున ఇందుచూడన్ అను పేర పక్షిశాస్త్ర రచయితగా ప్రసిద్ధులైనారు. కొల్లేటి చేపలే ఆ పక్షుల ఆహారము. 1970 దశకములో ఆ గూళ్ళు పూర్తిగా పాడువడినవి. పక్షి రోగముతో పోలేదు, వేటతో మాత్రమే పోలేదు. ఉండవలసిన చెట్టు, తినవలసిన కొలను మారిపోవుటచే వెడలిపోయినది. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది, 2006లో అక్రమపు చేపలచెరువుల గట్లు తెగగొట్టబడినవి. గుడివాడకు ఈశాన్యమున కైకలూరు చెంత ఆటపాకలో ఈనాడు గూడబాతులు మరల గూళ్ళు కట్టుచున్నవి. చెట్లు చాలక ఇనుపమంచెలు వేయవలసివచ్చినది. మంచె చెట్టునకు సాటి కాదు గాని, చోటు దొరకిన పక్షి తిరిగివచ్చునని మాత్రము నిరూపించినది.

కర్ణాటకములోని కొక్కరెబెళ్ళూరు గ్రామము దీనికి తోడు పాఠము చెప్పుచున్నది. అచ్చట గూడబాతులు ఊరి చింతచెట్లమీదనే గూళ్ళు కట్టును. గూటినుండి జారిపడిన పిల్లలను 1994లో ఏర్పడిన హెజ్జార్లె బళగ అను గ్రామస్థుల బృందము ఆవరణలో ఉంచి, చేపలు మేపి, ఎగురగలిగిన తరువాత మందలో కలుపుచున్నది. కాని ఆ సేవ ఫలించినది చింతచెట్లను ఊరివారు నరుకకుండ నిలిపినందుచేత. చెట్టు లేనిచో ఆవరణలోని పిల్ల ఎచ్చటికి ఎగురును?

మన తీరమున ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. ఎగువ ఆనకట్టలు, జలాశయములు కృష్ణ తెచ్చు ఒండ్రును ఇసుకను ఆపివేయుటచే దిగువ తీరము కొన్నిచోట్ల సముద్రపు కోతకు గురియగుచున్నది. గూడు కట్టుటకు ఇసుక తగ్గుచున్నది. బందరులో 2023లో క్రొత్త రేవు పనులు మొదలైనవి. రేవు వలన జిల్లాకు మేలు కలుగవచ్చును, కలుగవలెను. కాని రేవు దీపములు, తీరపు బాటల దీపములు రాత్రి సముద్రమునకంటె వెలుగుగా ఉన్నచో, అప్పుడే గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల సముద్రమును విడిచి దీపమువైపు నడచి ఎండకు మాడిపోవును. కాంతిని నేలవైపునకు త్రిప్పి కప్పుట, గ్రుడ్లు పెట్టు నెలలలో తీరపు దీపములను తగ్గించుట ఖర్చు లేని పనులు. పిదప తీర్చుటకంటె ముందు ఆలోచించుట మేలు.

2021లో ఒరిస్సాలోని గహిర్మాథలో రెక్కకు బిళ్ళ తగిలించి విడిచిన తాబేలు 2025లో మహారాష్ట్రపు గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడినది. దాని ప్రయాణము మూడువేల ఐదువందల కిలోమీటర్లకు పైబడినదని లెక్కగట్టినారు. తూర్పుతీరమునకు వచ్చిపోవు తాబేళ్ళ త్రోవలో మన దివిసీమ తీరము ఒక మజిలీ. ఒక రాష్ట్రమువారు కాపాడిన ప్రాణిని మరియొక రాష్ట్రమువారు చంపినచో మొదటివారి శ్రమ వ్యర్థము. కాబట్టి ఈ సేవలో ఏ ఊరును చిన్నది కాదు.

శ్రోతలు చేయదగినవి కొద్దిపాటి పనులు. గాయపడిన వన్యప్రాణి కనబడినచో గుంపు చేరనీయక, అటవీశాఖవారికి వెంటనే కబురు పంపవలెను. వారు వచ్చువరకు నీడను, నిశ్శబ్దమును కల్పింపవలెను. తీరమున నడచునప్పుడు దీపపుకాంతిని తాబేలు ముఖమున వేయరాదు. గ్రుడ్లున్న గుంతను త్రవ్వరాదు. పిల్లలను విడుచు వేడుకకు ఇంటిల్లిపాదిని తీసికొనిపోయి, దూరమున నిలిచి చూపవలెను. తాను చేతితో తాకకుండ చూచిన పిల్లవాడే రేపు ఆ తీరమును కాపాడు పౌరుడగును.

అశోకుడు మొదట చికిత్సను గూర్చి చెప్పి, తరువాత అడవిని తగులబెట్టవద్దన్నాడు. మనము మొదటి ఆజ్ఞను దయతో గ్రహించితిమి. రెండవదానిని దివిసీమ ఇసుకమీద ఇప్పుడిప్పుడే చదువుకొనుచున్నాము.